కప్పులు బోర్లించిన సిస్టరమ్మ

మా గల్లీ వాట్సాప్ గ్రూపులో ఆ ఉదయం ఒక మెసేజ్ వచ్చింది. ‘మన సిస్టరమ్మ ఇక లేరు. పంజాగుట్ట ఆసుపత్రిలో తెల్లవారుజామున కన్నుమూశారు.’ దాని కింద వరుసగా జోడించిన చేతులు, పూలు, వెలుగుతున్న దీపాలు. ఆ దీపాల మధ్యలోనే ఎవరో అడిగారు, దోమల మందు కొట్టేవాళ్లు ఈసారి ఎప్పుడొస్తారని. ఇంకెవరో దానికి జవాబిచ్చారు. మళ్లీ పూలు, మళ్లీ దీపాలు. ఆఫీసుకు డబ్బా కట్టుకుంటున్న నేను మూత పెట్టడం మరిచి అలాగే నిలబడిపోయాను. నాకు ముందు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం పూర్తిగా పోలేదు. నా మాటల్లో చేదు తగిలితే చదివేవాళ్లు ఓర్చుకోవాలి.

ఆమె ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక ఉన్న మా గల్లీలో, మా ఇంటికి ఎదురుగా, కింది పోర్షన్లో ఒక్కరే ఉండేవారు. ఎవరికి బీపీ చూడాలన్నా, ఎవరి పసిపిల్లకు ఒళ్లు వెచ్చబడినా ముందు ఆమె తలుపే కొట్టేవాళ్లం. ఆసుపత్రిలో పిలిచినట్టే మేమూ సిస్టరమ్మ అనే పిలిచాం.

ఆమె పాల ప్యాకెట్ కత్తిరించడం చూడాలి. మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్క తెగి పడకుండా కొంచెం పట్టు ఉంచి కత్తెర ఆపేవారు. ముక్క వేరుపడితే ఎవరూ ఏరుకోలేరు, నేరుగా మోరీ మురుగులోకి పోతుందనేవారు. ఖాళీ ప్యాకెట్లను కడిగి, వాకిట్లో తీగ మీద బట్టల పక్కనే క్లిప్పులు పెట్టి ఆరేసేవారు. మా గల్లీ హాస్టల్ అమ్మాయిలు అటుగా పోతూ నవ్వుకునేవారు. ఆమె కూడా నవ్వేవారు. కొత్తిమీర కట్టకు కవరు తీసుకోకుండా చేత్తోనే పట్టుకుని ఇంటికొచ్చేవారు.

ఒకసారి నేను పాత కుక్కరు, విరిగిన స్టూలు గేటు బయట పెట్టి, పారేస్తున్నానని చెప్పాను. ఆమె ఆగి, కుక్కరు మూత తిప్పి చూస్తూ నెమ్మదిగా అన్నారు.

“పారేసుడు అంటే ఏందమ్మా? మన చేతిలకెళ్లి తీసి ఇంకొకల చేతిల పెట్టుడే గద. గా చెయ్యి ఎవలిదో జర సోంచాయించాలె.”

ఆలోచించమన్న ఆ చెయ్యి ఎవరిదో మాకు తర్వాత తెలిసింది. మా గల్లీకి చెత్త బండి మీద వచ్చేది యాదమ్మ. బోరబండలో ఉంటుంది. భర్త ఆ బండి నడిపితే ఆమె ఇంటింటి చెత్తా ఎత్తి, ప్లాస్టిక్కూ కాగితాలూ వేరుచేసుకునేది. ఒక ఉదయం అలా వేరుచేస్తుంటే ఎవరింటి సంచిలోంచో ఇన్సులిన్ సూది ఆమె అరచేతిలో దిగింది. యాదమ్మ దాన్ని పీకేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని మళ్లీ పనిలో పడబోయింది. వాకిట్లో ఉన్న సిస్టరమ్మ చూశారు. యాదమ్మను లాక్కెళ్లి నల్లా కింద చెయ్యి పెట్టించి సబ్బుతో కడిగారు. వెంటనే ఆటో పిలిచి తాను పనిచేసిన ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఆ తర్వాత నెలల తరబడి యాదమ్మకు మందులు, రక్తపరీక్షలు. ప్రతిసారీ సిస్టరమ్మ వెంట వెళ్లారు. ఏ రోగం బయటపడుతుందోనన్న భయంతో యాదమ్మ తన బిడ్డకు అన్నం కలిపి పెట్టడం మానేసింది. ఆ సంగతి తెలిసి సిస్టరమ్మ బోరబండ దాకా పోయి, ఇంట్లో కూర్చోబెట్టి, అన్నం ముద్దతో రోగం అంటదని నచ్చజెప్పి, తన ముందే పిల్లకు తినిపించేలా చేశారు. చివరికి ఏ రోగమూ లేదని తేలింది. ఆ రోజు వాళ్లిద్దరూ ఆసుపత్రి మెట్ల మీద చాలాసేపు కూర్చుండిపోయారని యాదమ్మ తర్వాత నాకు చెప్పింది.

ఆ సూది ఎవరిదని సిస్టరమ్మ మొదట్లోనే ఇంటింటికీ వెళ్లి అడిగారు. ప్రతి ఇల్లూ మాది కాదంది. మా అందరి షుగరు చూసేది ఆమే. ఎవరు సూది పొడుచుకుంటారో ఆమెకు తెలియదా? తెలిసి కూడా ఎవరినీ నిలదీయలేదు. మర్నాడు గట్టి ప్లాస్టిక్ డబ్బాలు, మూత బిగుసుకునేవి, కడిగి ఆరబెట్టి తెచ్చి ప్రతి ఇంటికీ ఒకటి ఇచ్చారు. మా పక్కింటి గుమ్మంలో ఆమె అన్న మాట నేను విన్నాను.

“మీది కాదని నాకెర్కే. అయినా సూదులు, బ్లేడ్లు గీ డబ్బల ఎయ్యిండ్రి. నిండినంక నాకియ్యిండ్రి, నేను దవాఖానల ఇచ్చొస్త.”

డబ్బాలు నిండాయి. అన్ని ఇళ్ల నుంచీ కాకున్నా, మాది కాదన్న ఇళ్ల నుంచే నిండి వచ్చాయి. ఆమె వాటిని తీసుకెళ్లి ఆసుపత్రిలో ఇచ్చొచ్చారు.

గల్లీ చివర ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక మూల ఉండేది. బండి వచ్చేదాకా ఆగలేనివాళ్లు, హాస్టల్‌వాళ్లు, దారినపోయేవాళ్లు అందరూ అక్కడే చెత్త పోసేవారు. సూది తర్వాత సిస్టరమ్మ ఆ మూలను పట్టుకున్నారు. యాదమ్మతో కలిసి శుభ్రం చేయించి, పెయింటు డ్రమ్ములు సంపాదించి, పక్కల రంధ్రాలు పెట్టించి వరుసగా నిలబెట్టారు. ఎరువు కోసం వాటిలో కూరగాయల తొక్కలు, హాస్టల్లో మిగిలిన అన్నం, పైన ఎండుటాకులు. పొడి చెత్త వేసుకోవడానికి కోచింగ్ సెంటర్లవాళ్లు దింపేసిన ఫ్లెక్సీలను తన కుట్టుమిషను మీద సంచులుగా కుట్టి ఇంటింటికీ ఇచ్చారు. మా గుమ్మం దగ్గర సంచి మీద ‘మూడు నెలల్లో ఉద్యోగం’ అని ఉండేది. పక్కింటివాళ్లకు సూటు వేసుకున్న ఒకాయన సగం మొహం వచ్చింది. ఆ సంచుల్లో చేరిందంతా శుభ్రంగా ఉన్నప్పుడే యాదమ్మ చేతికి అందేది.

అవి మా గల్లీకి మంచి రోజులు. డ్రమ్ముల్లో ఎరువు నల్లగా, పొడిపొడిగా తయారైనప్పుడు సిస్టరమ్మ పిడికెడు తీసి మా ముక్కుల దగ్గర పెట్టేవారు. వాసన చూడమనేవారు. తొలకరి వాసనే. నా కూతురు బాల్కనీలో టమాట మొక్క పెట్టింది. హాస్టల్లో వంటమనిషి కరివేపాకు పెట్టాడు. నేను ఎర్రమంజిల్లో మా ఆఫీసు కుండీలకు కూడా ఆ ఎరువే తీసుకెళ్లాను. గల్లీ ఇంత బాగుంటుందని మాకే నమ్మకం కలగలేదు. నమ్మకం లేనిదాన్ని మనుషులు ఎక్కువ రోజులు కాపాడుకోరేమో.

పక్క ఇల్లు కూడా తీసుకుని హాస్టల్ పెద్దదైంది. హాస్టల్ ఓనరే మా అసోసియేషన్ ప్రెసిడెంటు. అతను చెడ్డవాడని నేను రాయలేను. కరోనా రోజుల్లో ఇళ్లకు పోలేక చిక్కుకున్న పిల్లలకు ఊరికే అన్నం పెట్టిన మనిషి. కానీ కొత్త గదులు చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు కిందికి చూసి, ఆ డ్రమ్ములేమిటని అడగడం మొదలుపెట్టారు. అసోసియేషన్ మీటింగు పెట్టారు. డ్రమ్ములు తీసేసి ఆ జాగాలో బండ్లు పెట్టుకుందామన్నారు. వద్దని నేనూ ఇంకొందరూ మాట్లాడాం. మిగతావాళ్లు ఫోన్లు చూసుకున్నారు. సూది డబ్బాలు నింపి ఇచ్చిన ఇళ్లవాళ్లు కూడా తలలు ఎత్తలేదు.

“సిస్టరమ్మా, నువ్వు చేసేది మంచి పనే, కాదంటలేను,” అన్నాడు ప్రెసిడెంటు. “గని నా హాస్టల్ సుత నడవాలె గద.”

ఆమె ఒకటే అడిగారు.

“డ్రమ్ములు తీసెయ్యిండ్రి. గని మల్ల గాడ చెత్త పొయ్యం అని ఒక్క మాటియ్యిండ్రి.”

అందరూ ఇచ్చారు. చేతులెత్తి మరీ ఇచ్చారు. డ్రమ్ములను లారీ తీసుకుపోయింది, సగం తయారైన ఎరువుతో సహా. ఆ వారం గడవకముందే ఆ మూలలో ముడివేసిన ఒక నల్ల సంచి కనిపించింది. దాని పక్కన ఇంకొకటి. ఆ కంపులో బండి పెట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. వానలు పడేసరికి ఆ మూల నడుమెత్తు కుప్ప అయింది. టీ కప్పులు, జ్యూస్ గ్లాసులు, కొబ్బరి బోండాలు, బిర్యానీ డబ్బాలు. అన్నింట్లో నీళ్లు.

అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. మోకాళ్ల నొప్పి. అయినా రోజూ పొద్దున ఇంట్లోంచి పట్టకారు పట్టుకుని మూలకు వెళ్లేవారు. నీళ్లు నిలిచిన ఒక్కో కప్పునూ బోర్లించి వచ్చేవారు. అంతకుముందు చెత్త పోసేవాళ్లు ఎదురైతే ఆపి మాట్లాడేవారు. ఇప్పుడు ఆమె వంగి కప్పులు తిప్పుతుంటే, పక్కనే సంచి విసిరి వెళ్లేవాళ్లను కూడా ఏమీ అనేవారు కాదు. నాకు ఉండబట్టలేక, వీళ్ల కోసం మీరెందుకు ఇంత కష్టపడటమని అడిగాను.

“వీళ్ల కోసం అని ఎవలన్నరు?” అన్నారు. “నా సర్వీసుల జ్వరాలకు మస్తు సూదులిచ్చిన. గీ కప్పు బోర్లిస్తే సూది అక్కరనే లేదు. ఎర్కుండి సుత ఊకుంటే నాకు నిద్ర పట్టది.”

జ్వరాలు ముందు హాస్టల్లో మొదలయ్యాయి. తర్వాత మా ఇంట్లో నా కూతురికి వచ్చింది. డెంగీ అన్నారు. నేను లక్డీకాపూల్ ఆసుపత్రి చుట్టూ మందులకూ రిపోర్టులకూ తిరుగుతుంటే, పిల్ల పక్కన కూర్చుని చెంచాతో నీళ్లు తాగించింది సిస్టరమ్మే. పిల్ల కోలుకుంది. ఆ వెంటనే అదే జ్వరంతో ఆమె పడిపోయారు.

ఏ దోమ కుట్టిందో, అది ఎక్కడ పుట్టిందో ఎవరూ రుజువు చేయలేరు. మా గల్లీవాళ్లు ఆ మాటే పట్టుకున్నారు. దోమలు ఊరంతా ఉన్నాయి, ఏం చేస్తాం అన్నారు. నిజమే, ఊరంతా ఉన్నాయి.

ఆసుపత్రిలో నేను చివరిసారి చూసినప్పుడు ఆమె పెదవులు ఎండి పగిలాయి. తన చేతికి పెట్టిన సెలైన్ సూదిని కట్టిన పద్ధతి కూడా చూసి, బాగానే కట్టిందిలే అని అక్కడి నర్సు పిల్లను మెచ్చుకున్నారు. నన్ను దగ్గరికి రమ్మన్నారు. గల్లీ గురించో ప్రెసిడెంటు గురించో అంటారనుకున్నాను.

“యాదమ్మకు చెప్పు. జ్వరాలు తగ్గేదాంక గా మూలకు ఉత్త చేతులతోని పోవద్దని,” అన్నారు. ఆ తర్వాత కళ్లు మూసుకుని పడుకున్నారు. నాతో ఆమె మాట్లాడింది అంతే.

కరీంనగర్ నుంచి ఆమె తమ్ముడు వచ్చి కర్మకాండ జరిపించాడు. పదకొండో రోజు భోజనాలు అసోసియేషనే పెట్టింది. గల్లీకి అడ్డంగా షామియానా వేశారు. గల్లీ మొదట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆమె ఫొటో చిన్నది. కింద దండం పెడుతున్న అసోసియేషన్ పెద్దల ఫొటోలు దానికంటే పెద్దవి. ఆమె అసలు పేరు నేను మొదటిసారి చదివింది అక్కడే. భోజనాలకు ప్లాస్టిక్ ప్లేట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, చిన్న చిన్న నీళ్ల సీసాలు. సగం తాగి వదిలేసిన సీసాలు టేబుళ్ల కింద దొర్లుతున్నాయి. మధ్యాహ్నానికి అదంతా పెద్ద పెద్ద సంచుల్లో ఎక్కడికి పోయిందో చెప్పక్కర్లేదు.

ప్రెసిడెంటు ఒక పక్కన కుర్చీలో కూర్చుని ఏడుస్తున్నాడు. దొంగ ఏడుపు కాదు. నన్ను చూసి, ఆమె తనకు తల్లి లెక్క అన్నాడు. ఆ మూలకు సిస్టరమ్మ పేరు పెట్టి బోర్డు కట్టిద్దామన్నాడు. ముందు ఆ కుప్ప తీయిద్దాం అన్నాను.

“చేద్దాం మేడం, చేద్దాం,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఇంకో వారం చూశాను. తర్వాత ఒక ఆదివారం పొద్దున, రాత్రంతా వాన పడి ఆగాక, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని మూలకు వెళ్లాను. ఇంకో జత యాదమ్మకు ఇచ్చాను. దినాల ప్లేట్లు కుప్పమీద అలాగే ఉన్నాయి. ప్రతి దాంట్లో నీళ్లు. ఆ నీళ్లలో సన్నగా, దారపు పోగుల్లా పురుగులు కదులుతున్నాయి. మేమిద్దరం ఒక్కో ప్లేటూ ఎత్తి వంచుతున్నాం.

పైన హాస్టల్ కొత్త అంతస్తులోంచి ఒక కవరు వచ్చి యాదమ్మ వీపు మీద పడి పగిలింది. పులిసిన సాంబారు ఆమె జాకెట్టు మీదుగా కారింది. ఇద్దరం తలెత్తి చూశాం. కిటికీలో ఒక అమ్మాయి, నా కూతురి వయసుది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మమ్మల్నే చూస్తోంది. ఏదో అంటుందేమోనని ఎదురుచూశాం. ఆ అమ్మాయి మెల్లగా వెనక్కి జరిగి కర్టెన్ లాగేసుకుంది. చాలాసేపటిదాకా, గాలి లేకపోయినా, ఆ కర్టెన్ కదులుతూనే ఉంది.