బ్రేకు పట్టడానికి ఇద్దరు

ఇవాళ ఒక షెడ్డు ముందు బ్రేక్ ఆయిల్ వాసన తగిలి ఆగిపోయాను. లిలువా రైల్వే క్వార్టర్స్ నేస్తాలూ, మా నాన్న పాత మోరిస్ మైనర్ కారు గుర్తుందా?

దాన్ని వదిలించుకోమని అమ్మ, చచ్చినా అమ్మనని నాన్న. ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. కానీ బ్రేకు గొట్టాల్లో గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. కారు కింద నాన్న, పెడల్ మీద కాలు పెట్టి అమ్మ.

"నొక్కు."

"నొక్కేను."

"వొగ్గు."

"వొగ్గేను."

వాళ్ల మధ్య అవే మాటలు. మేం పిల్లలం మెట్ల మీద కూర్చుని విన్నాం.

ఆ రోజు బంద్, వీధంతా ఖాళీ. వీధి చివర గోడ లేని పుకుర్, మనం రాళ్లు విసిరే ఆ చెరువే. నాన్న చేతులు తుడుచుకుని, "ఓపాలి తిప్పి చూస్తాను" అన్నాడు. తమ్ముడూ నేనూ ఎప్పటిలాగే వెనక సీట్లోకి దూరాం.

"దిగండర్రా. బ్రేకు పట్టిందో లేదో తెలీదు," అంది అమ్మ.

మేం దిగాక, తను వెళ్లి నాన్న పక్కన కూర్చుంది.

"నువ్వెందుకు? దిగు," అన్నాడు నాన్న.

అమ్మ చెరువు వైపే చూస్తోంది.

"నొక్కింది నేనే కదా. పోనియ్యండి."