మళ్ళీ అడిగే మరిది

మా మరిది ఏ ప్రశ్ననీ ఒక్కసారితో వదిలిపెట్టడు. అడుగుతాడు, జవాబు వింటాడు, తల ఊపుతాడు, కాసేపాగి అదే ప్రశ్న మళ్ళీ అడుగుతాడు. బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఒకే ప్రశ్న పదిసార్లు అడగడం నాకూ అలవాటే. కాకపోతే నేను జవాబు రానివాళ్ళని అడిగేదాన్ని, ఇతను జవాబు చెప్పేసినవాళ్ళని అడుగుతాడు. అందుకే ఇంటిల్లిపాదీ అతనికి 'మళ్ళీ' అని పేరు పెట్టేశాం.

"వదినా, బాగున్నారా?"

"బాగున్నాను నాయనా."

చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, ఫ్యాను కింద చేరి, "బాగున్నారా?"

"ఇప్పుడేగా చెప్పాను."

"చెప్పారు. మళ్ళీ అడుగుతున్నా."

"మోకాలు ఒకటే సలుపు."

"మరి ఇందాక చెప్పలేదేం?" అంటాడు, ఏదో దొంగతనం పట్టుకున్నవాడిలా.

పెళ్ళికి ముందు మా తోటికోడల్ని "నేను నచ్చానా?" అని అడిగాడట. నచ్చావంది. అక్కడితో ఊరుకోవచ్చుగా. రెండు వారాలు పోయాక వాళ్ళ గుమ్మంలో నిలబడి మళ్ళీ అదే ప్రశ్న. పిల్ల తండ్రికి ఒళ్ళు మండింది. ఆ పిల్ల మాత్రం తాపీగా, "మొదటిసారి మా నాన్న పక్కనున్నాడని చెప్పాను. ఇప్పుడు నా అంతట నేనే చెప్తున్నాను, నచ్చావు. ఆ మీసం మాత్రం తీసెయ్" అంది. ఆ మీసం మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఇలాంటి మనిషికి ఎలాంటి ఉద్యోగం దొరకాలో అలాంటిదే దొరికింది. జూదం వల్ల తనకెంత చెరుపు జరుగుతోందో మనిషి తనే గుర్తులు పెట్టుకుని తెలుసుకునే ప్రశ్నపత్రాలు ఉంటాయి. 'పందెం సంగతి ఇంట్లో దాచారా? పందెం ధ్యాసలో పని పాడుచేసుకున్నారా?' ఇలా ఉంటాయి ప్రశ్నలు. ఆ పేపర్లని నమ్మొచ్చో లేదో తేల్చడం మా మరిది ఆఫీసు పని. ఒకే మనిషికి ఒకే పేపరు రెండు వారాల తేడాలో రెండుసార్లు ఇస్తారు. జవాబులు కలిస్తే పేపరు నికరమైనదన్నమాట. మళ్ళీ మళ్ళీ అడిగినందుకు జీతం కూడా ఇస్తారని తెలిసిన రోజున మా తోటికోడలు నవ్వలేక చచ్చింది.

ఒకసారి ఆ పేపరు పట్టుకుని మా తమ్ముడి వీధిలో దుకాణాలన్నీ తిరిగాడు. మా తమ్ముడిది తాళంచెవులు కోసే కొట్టు. మిషను మా నాన్నది. మా నాన్న తర్వాత వీధి మొత్తానికీ ఆ మిషనే దిక్కు. తమ్ముడికి రెండుసార్లూ సున్నా వచ్చింది. ఆ పరీక్షలో సున్నా వస్తే ఫస్టు క్లాసన్నట్టు. సర్వీసంతా సున్నాలు తెచ్చినవాళ్ళ చెవులు మెలిపెట్టినదాన్ని, జీవితంలో మొదటిసారి సున్నా వచ్చినవాణ్ణి మెచ్చుకున్నాను.

"నా తమ్ముడు అటువంటివాడు కాదయ్యా. నేను రాసిస్తాను" అన్నాను మరిదితో.

"పేపరు కూడా అదే అంటోంది వదినా" అన్నాడు. ఎందుకో తల మాత్రం ఊపలేదు.

ఆ తర్వాత మొదలైంది తాళంచెవుల గోల. ఓ పొద్దున్న తోటికోడలు ఒక గుత్తి తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"అక్కా, మా ఇంటికి ఒకటే తలుపు, ఒకటే తాళం. ఈయన సెలవొస్తే చాలు, మీ తమ్ముడి కొట్టుకెళ్ళి దానికి ఇంకో తాళంచెవి కోయించుకొస్తాడు. పోనీ పట్టి చస్తాయా అంటే ఒక్కటీ పట్టదు."

"మీ ఆయన నమూనాకి ఏ బీరువా తాళంచెవో ఇచ్చుంటాడు. మా తమ్ముడు కోసింది పట్టకపోవడమేమిటి?"

"నేనూ అదే అన్నాను. 'మళ్ళీ కోయిస్తా' అన్నాడు."

మనిషికి మతిమరుపు వస్తోందని ఇద్దరం నిర్ధారణ చేసేశాం. డాక్టరుకి చూపించే ముందు తమ్ముణ్ణి ఓ మాట అడుగుదామని ఆ ఆదివారం తమ్ముడి కొట్టుకి బయల్దేరాను.

గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. మా నాన్న మిషను గోనెసంచిలో కట్టేసి గోడవారన ఉంది. మరిది స్టూలు మీద కూర్చున్నాడు. ఇద్దరూ అటు తిరిగి ఉన్నారు.

"మిషను ఎక్కడికి?" అంటున్నాడు మరిది.

"సర్వీసింగుకి బావా."

"ఊ. బాగున్నావా?"

"బాగున్నా."

మరిది జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు, చూసుకున్నాడు, మళ్ళీ సర్దాడు.

"బాగున్నావా?"

"ఎన్నిసార్లు అడుగుతావు బావా? నీ పేపర్లో చెప్పాగా."

"పేపరు పని అయిపోయింది. నువ్వు రెండుసార్లూ ఒకే మాట చెప్పావు, మా ఆఫీసరు భేష్ అన్నాడు. కాని కళ్ళు మూసుకుని కోసినా గురి తప్పనివాడివి, నువ్వు కోసింది ఒక్కటీ నా తాళానికి పట్టడం లేదు. నేను దేన్ని నమ్మాలి? అందుకే మళ్ళీ అడుగుతున్నా."

మా తమ్ముడు ఆ తాళంచెవిని తీసుకుని దాని పళ్ళు వేలితో తడిమాడు.

"బాగా లేను బావా" అన్నాడు. "ఫోన్లో పేకాట. చేతిలో పని ఉన్నా కళ్ళు దానిమీదే. మిషనుకి బేరం కుదిరింది, సాయంత్రం వచ్చి పట్టుకుపోతారు. అక్కకి తెలిస్తే చంపేస్తుంది."

నాకు లోపలికెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టాలని నోటిదాకా వచ్చింది. అంతలో మరిది లేచి సంచి ముడి విప్పడం మొదలుపెట్టాడు.

"బేరగాడికి ఫోన్ చేసి వద్దని చెప్పు. మా ఆఫీసు పక్కన ఇలాంటివి మాన్పించేవాళ్ళున్నారు, రేపు ఇద్దరం వెళ్దాం. ఇప్పుడు మాత్రం నాకో తాళంచెవి కోసిపెట్టు, లేకపోతే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిచ్చేలా లేదు."

తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. బేరగాడికి చెప్పేసి, ఫోను తీసి మరిది చేతిలో పెట్టాడు. మిషను మోత వినబడ్డాక నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగాను.

వీధి చివర మరిదిని పట్టుకున్నాను. "ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేమయ్యా?"

"ఆ జవాబు అతనిది కదా వదినా. అతను చెప్పకుండా నేనెలా చెప్తాను?"

ఇద్దరం కలిసే వాళ్ళింటికి వెళ్ళాం. కొత్త తాళంచెవి తలుపుకే బిగించి ఉన్న తాళంలో పెట్టి తిప్పాడు. నూనె రాసినట్టు తిరిగింది. తలుపు తెరుచుకుంది. లోపల మా తోటికోడలు నోరు తెరిచి చూస్తోంది.

"హమ్మయ్య, పట్టిందిగా. ఇక లోపలికి రండి."

"ఉండవే" అంటూ అతను తలుపు మూసి బయటినుంచి తాళం వేశాడు. "మళ్ళీ ఒక్కసారి చూడనీ."