శౌరమ్మ ముక్కు, మణెమ్మ మొహం

సుబ్బరత్నం గారి పచ్చళ్ల షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. మామిడికాయలు దిగిన రోజు మొదలు, చివరి జాడీకి వాసెన గుడ్డ కట్టేదాకా, షెడ్డు గడప లోపల ఎవరూ దేన్నీ నోట్లో వేసుకోకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికైనా సరే, వేలు నాలుక్కి తగలకూడదు. ఎంగిలి సోకితే జాడీ బూజు పడుతుందని వాళ్ల అత్తగారు పెట్టిన నియమం అది. అత్తగారు పోయి పదకొండేళ్లయినా, ఇంటి వెనక వసారా కాస్తా కంకిపాడు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు అయినా, నియమం మాత్రం చెక్కుచెదరలేదు.

మరి రుచి చూడకుండా బాగోగులు తేల్చేదెట్లా? ముక్కుతో. ఆ ముక్కు శౌరమ్మది.

ఆమె మొదట కాయలు తుడిచే పనికి చేరింది. ఒక మధ్యాహ్నం బెజవాడ నుంచి నువ్వుల నూనె డబ్బాలు దిగుతుంటే, పక్కన కూర్చుని గుడ్డ పిండుకుంటున్న మనిషి తలెత్తి, "ఆ మూడో డబ్బా పోయిన ఏటిదమ్మా" అంది. అప్పటికింకా బతికే ఉన్న అత్తగారు, ఆ పెద్దావిడ, నవ్వి మూత తీయించింది. తీశాక నవ్వలేదు. ఆ ఏడాది నుంచి నూనె, ఆవపిండి, కారం ఏది దిగినా ముందు శౌరమ్మ వంగి వాసన చూడాల్సిందే. ఆమె తలూపితేనే జాడీలోకి వెళ్లేది. గుణదల మాత పేరు చెప్పుకునే మనిషి చేతి మీదుగా అంత ఇంటి పచ్చడా అని చుట్టాల్లో ఎవరో అంటే, "నీ ముక్కు పట్రా, దాన్ని మాన్పిస్తా" అందట పెద్దావిడ.

ఆ ముక్కు చచ్చిపోయి నాలుగేళ్లయింది. ఆ సంగతి శౌరమ్మ ఎవరికీ చెప్పలేదు.

మొదట్లో అది జలుబే. ఆవపిండి జల్లించేచోట జలుబు చేయనిదెవరికి? అయితే అందరి జలుబూ వారానికి పోయేది, ఆమెది పోలేదు. తెల్లారి లేస్తే నొసలు మీద సన్నికల్లు పెట్టినట్టుండేది. వంగితే బుగ్గలు బరువు. గొంతు వెనక ఏదో జారుతూనే ఉండేది. పసుపు వేసి ఆవిరి పట్టింది, వాము మూట కట్టుకుంది. చివరికి ఊళ్లో మందులిచ్చే వెంకటప్పయ్య దగ్గరికి వెళ్తే, ఒక చిన్న సీసా చేతిలో పెట్టాడు.

"మూసుకున్నప్పుడల్లా రెండు చుక్కలేసుకో శౌరమ్మా. గేటు తీసినట్టు తెరుచుకుంటది."

నిజంగానే రెండు నిమిషాల్లో గాలి ఆడింది. ఆ రాత్రి ఆమె నోరు మూసుకుని నిద్రపోయింది. ఎన్ని రోజులు వాడాలో అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. మొదట పూటకోసారి, తర్వాత మూడు గంటలకోసారి, ఆఖరికి గంటకోసారి. సీసా చెంగుముడిలో ఉండేది. అది లేకుండా గడప దాటితే ఊపిరి ఆగిపోతుందేమోనని భయం. తలనొప్పికి ఇంకో మాత్ర. అది వేసుకున్న రోజు పిల్లికూతలు వచ్చేవి. కారం ఘాటు అనుకునేది.

వాసన పోయిన రోజు ఆమెకు బాగా గుర్తు. క్రిస్మస్ పూజ. గుడిలో ఫాదర్ గారు సాంబ్రాణి ధూపం ఊపుకుంటూ నడిచారు. పొగ తెల్లగా ఆమె మొహం మీదికే వచ్చింది, కళ్లు మండాయి, వాసన మాత్రం రాలేదు. ఇంటికొచ్చి వెల్లుల్లి చిదిమింది. కిరసనాయిలు సీసా మూత తీసింది. ఆ తర్వాత చేపల పులుసు తింటుంటే తెలిసింది, నాలుక మీద ఉప్పూ పులుపూ కారం మిగిలాయి గానీ పులుసు లేదు.

వచ్చే ఎండాకాలం నూనె డబ్బాలు దిగుతాయి. సుబ్బరత్నం గారు అరుగు మీద నిలబడి, "ఏమ్మా శౌరమ్మా?" అంటుంది. ఏం చెప్పాలి? వాసన రాదంటే మళ్లీ కాయలు తుడిచే పీట. లేదంటే అదీ లేదు. యాభయ్యేళ్లకి దగ్గరపడ్డ ఒంటికి ప్రపంచంలో ఒక్క విలువ ఇచ్చింది ఆ ముక్కే.

అప్పుడే ఆమె కళ్లు మణెమ్మ మీద పడ్డాయి. మణెమ్మ జాడీలు కడిగి ఎండబెట్టే మనిషి. వాగుడుకాయ. మనసులో ఉన్నది దాచుకోవడం ఆ మొహానికి చేతకాదు. నూనె మంచిదైతే ఆమె కనుబొమలు పైకి లేచేవి, తేడాగా ఉంటే పై పెదవి ఓ పక్కకి వంకర తిరిగేది. శౌరమ్మ డబ్బా మీదికి వంగి, గాలి పీల్చినట్టు పీల్చి, తలెత్తుతూ ఓరకంట మణెమ్మని చూసేది. చూసి తీర్పు చెప్పేది.

"అంతసేపు చూస్తావేంటి వదినా, నూనె నీకేమన్నా మొగుడా?" అనేది మణెమ్మ. ఆడవాళ్లంతా పకపకా నవ్వేవాళ్లు. శౌరమ్మా నవ్వేది. మూడు ఎండాకాలాలు అలా గడిచిపోయాయి.

నాలుగో ఏడు, మే నెల మొదటి వారం. మణెమ్మ కూతురికి నొప్పులొచ్చాయని బందరు నుంచి కబురొచ్చింది. జాడీలు కడిగి ఎండలో బోర్లించి ఆమె మధ్యాహ్నం బస్సెక్కేసింది. మర్నాడు పొద్దున్నే నూనె దిగింది. నూజివీడు కాయ ముక్కలై గుట్టగా ఉంది, కారం ఆవపిండి కలిసి షెడ్డంతా ఘాటు. అందరి ముక్కులూ కారుతున్నాయి.

"ఏమ్మా శౌరమ్మా?"

ఆమె వంగింది. లోపల గోడ. తలెత్తి చూస్తే మణెమ్మ కూర్చునే చోట ఖాళీ పీట ఉంది. మిగతావాళ్ల మొహాల్లో చెమట తప్ప ఏమీ లేదు.

"బాగుందండీ. పోయించండి."

మూడో రోజు తిరగకలపాలి. నలభై జాడీలు వరసగా ఉన్నాయి. ఎప్పట్లాగే మొదటి వాసెన శౌరమ్మే విప్పింది. తల దాదాపు జాడీ లోపలికి పెట్టి, మూడుసార్లు పీల్చి, "ఊరుతుంది, మంచిగా ఊరుతుంది" అంది.

తలెత్తి చూసేసరికి ఆడవాళ్లు రెండడుగులు వెనక్కి జరిగి ఉన్నారు. ఒకావిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. సుబ్బరత్నం గారు దిగొచ్చి జాడీ మీదికి వంగి, చటుక్కున వెనక్కి తగ్గింది. రెండోది విప్పించింది, మూడోది. అన్నీ అంతే.

శౌరమ్మ చేతిలో వాసెన గుడ్డ అలాగే ఉండిపోయింది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. కానీ సుబ్బరత్నం గారు ఆమె వైపు చూడనేలేదు. శౌరమ్మ తలూపిన నూనె చెడ్డదవుతుందన్న ఆలోచనే ఆవిడకి రాలేదు.

"జాడీల్లో చెమ్మ ఉండిపోయింది" అంది ఆవిడ. "సరిగ్గా ఎండకుండానే బస్సెక్కి పోయింది మణెమ్మ. రానీ దాన్ని."

మణెమ్మ వచ్చింది, మనవడు పుట్టాడని చేతిలో మిఠాయి పొట్లంతో. గడప దాటనివ్వలేదు. "రెండెండలు కాశాయమ్మా, నా బిడ్డ మీద ఒట్టు" అని ఎంత చెప్పినా సుబ్బరత్నం గారు వినలేదు. మణెమ్మ అందరి వంకా చూసి, చివర్న శౌరమ్మ వంక చూసింది. శౌరమ్మ కింద పడ్డ మామిడి జీడి ఒకటి ఏరి బుట్టలో వేసింది. ఏరడానికి అక్కడ ఇంకేమీ లేదు.

సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే, అక్కడ మణెమ్మ ఉంది. పొద్దుట్నుంచీ అక్కడే ఉందేమో. పొట్లం విప్పి ఒక మిఠాయి ఇచ్చింది.

"తిను వదినా. నీకు రుచి తెలీదనుకో. అయినా తిను."

శౌరమ్మ మిఠాయి నోటిదాకా తెచ్చి ఆగింది.

"నాకు తెలీదనుకున్నావా? మొదటి ఏడే తెలిసింది. షెడ్డు బయట, వెల్లుల్లి కుళ్లిన బుట్ట పక్కనే కూచుని అన్నం తిన్నావు. ఇంక అప్పట్నుంచీ, నీకు కనపడాలని మూతి ఇంకాస్త వంకర తిప్పేదాన్ని." పెదవి ఓ పక్కకి తిప్పి చూపించింది. నవ్వబోయి ఆపేసింది. "అంత చేసినదాన్ని. ఒక్క మాట అనలేకపోయావు కదే."

బస్సొచ్చింది. మణెమ్మ ఎక్కేసింది. శౌరమ్మ ఎక్కలేదు.

వెనక్కి షెడ్డుకి వెళ్లి, పారబోయమన్న పచ్చట్లోంచి ఆమె ఒక చిన్న జాడీ ఇంటికి తెచ్చుకుంది. వంటింట్లో ఒంటరిగా, ఎవరి మొహమూ అక్కర్లేకుండా, దాని మీదికి వంగింది. ఏమీ లేదు. మర్నాడు మొగుడితో, "ఆటో తియ్యవయ్యా, పెద్దాసుపత్రికి పోదాం" అంది. జయపాల్ ఎందుకని అడగలేదు. నాలుగేళ్లుగా ఆమె గురక, మాగన్ను నిద్రా వింటున్నవాడు అతనే.

ముక్కు డాక్టరు పేరు హెలెన్. చిన్న వయసు, నెమ్మదైన గొంతు. ముక్కులోకి సన్నటి గొట్టం పంపి, టీవీలో చూపించింది. తొక్క తీసిన ద్రాక్షపళ్లలా, బూడిదరంగు గుత్తులు.

"ఇవి మీ ముక్కులోవేనమ్మా. ముక్కంటే రెండు కన్నాలే కాదు. బుగ్గల వెనక, నొసటి వెనక, కళ్ల మధ్యన, ఇంకా లోపల, గాలి గదులుంటాయి. వాటి చీమిడి ముక్కులోకి దిగే దారులు ఇవి మూసేశాయి. అందుకే బరువు, నొప్పి. వాసన పట్టే చోటు ఇదిగో, పైకప్పు కింద. గాలి అక్కడిదాకా పోవట్లా."

"ఎందుకొచ్చినయండీ? కారం పీల్చా, అందుకా?"

"ఘాటు మంట పెంచుతుంది. మొదలెందుకు పుడతాయో మాకూ పూర్తిగా తెలీదు." చెంగుముడి వైపు చూసింది. "ఆ సీసా ఇటివ్వండి. ఎన్నాళ్లుగా?"

"ఆరేళ్లు."

"ఐదారు రోజులకి మించి వాడకూడనిది. గుత్తులు దీనివల్ల రాలేదు కానీ, లోపలి పొర వాచి, ఇది వేస్తే తప్ప తెరుచుకోని స్థితికి వచ్చింది. రోగం ముదురుతుంటే మీకు తెలియనివ్వలేదు. తలనొప్పి మాత్ర వేసుకుంటే ఆయాసం వస్తుందా?"

"మీకెట్టా తెలుసండీ?"

"ఈ గుత్తులున్నవాళ్లలో కొందరికి ఆ మాత్ర పడదు. ఇంకెప్పుడూ వేసుకోవద్దు. ప్రాణం మీదికి వస్తుంది."

సీసా ఆపిన పది రోజులు నరకం. ముక్కు రెండువైపులా సున్నం పెట్టి మూసినట్టు. గోడకి ఆనుకుని కూర్చుని నోటితో పీల్చింది. డాక్టరమ్మ చెప్పినట్టు, కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పూ కాస్త తినేసోడా కలిపి, తల పక్కకి వంచి ఒక కన్నంలోంచి పోసి రెండో కన్నంలోంచి వదిలింది. తర్వాత ముక్కులోకి కొట్టుకునే వేరే మందు. ఇది గేటు తీసినట్టు తీయదు, నెలలు పడుతుంది, మానకూడదు అని ముందే చెప్పారు. స్కానింగ్ తీసి, ఆపరేషన్‌కి తేదీ ఇచ్చి, దానికి ముందు వాపు తగ్గడానికి కొన్నాళ్లు మాత్రలు రాశారు.

మాత్రలు మొదలుపెట్టిన ఐదో రోజు పొద్దున్న, ఆమె పొయ్యి ముందు నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. జయపాల్ పరుగెత్తుకొచ్చాడు.

"పాలయ్యా. పాలు పొంగుతున్నయి. వాసనొస్తంది."

అతని చొక్కా పట్టుకుని మొహం ఆనించింది. చెమట, పెట్రోలు, బీడీ. "ఛీ, స్నానం చెయ్యలేదా?" అంటూనే వదల్లేదు. ఇల్లంతా తిరిగింది. తిరిగి తిరిగి, అటక మీది చిన్న జాడీ దగ్గర ఆగింది. వాసెన విప్పింది.

చెమ్మ వాసన కాదు. బూజు కాదు. నూనె, నిరుటి నూనె. పదిహేనేళ్ల కిందట తలెత్తించిన అదే వాసన, నువ్వుల తీపంతా పోయి గొంతులో పట్టే చేదు. తన మాట అడ్డు రాకపోతే ఎవరి ముక్కుకైనా తెలిసేదే. ఆ పూట అన్నం ముట్టలేదు.

జాడీ చంకన పెట్టుకుని షెడ్డుకి వెళ్లింది.

"అమ్మగారూ, జాడీల్లో చెమ్మ లేదండీ. నూనె పాతది. నాకు తెలీలా."

"నీకు తెలీకపోవడమేంటి?"

"నాలుగేళ్లనుంచీ నాకే వాసనా రాదండీ. మణెమ్మ మొహం చూసి చెప్పేదాన్ని."

సుబ్బరత్నం గారు వాసెన విప్పి, వాసన చూసి, మళ్లీ కట్టి జాడీ ఆమె చేతిలోనే పెట్టింది. "మా అత్తగారి నియమం నీ మీద పెట్టి నిలబెట్టానే" అంది చివరికి. తర్వాత, అలవాటు చావక, "ఇప్పుడొస్తందంటున్నావుగా? మాగాయ నూనె దిగింది. ఓసారి చూసిపో" అంది.

డబ్బా అక్కడే ఉంది, నాలుగడుగుల్లో. మంచి నూనె. నిలబడ్డచోటికే తెలుస్తోంది. వెళ్లి వంగితే చాలు, పీట తనదే. శౌరమ్మ కదల్లేదు.

"ఇది మాత్రల పుణ్యమండీ. అవి ఎప్పుడూ వేసుకుంటే సుగరు, ఎముకలు పోతాయన్నారు. ఆపితే మళ్లీ పోవచ్చంట. మణెమ్మని పిలిపించండి. దానికి నిజంగా తెలుసు."

"పిలిపిస్తా" అంది సుబ్బరత్నం గారు. "నువ్వు మాత్రం లోపలికి రాకు శౌరమ్మా. నేను చూడలేను."

ఆపరేషన్ అయింది. గుత్తులు తీశారు. నొసటి బరువు దిగింది, నోరు మూసుకుని నిద్రపోతోంది. హెలెన్ గారు దాపరికం లేకుండా చెప్పింది: మళ్లీ పెరగొచ్చు, బీపీలాగా ఇది జీవితాంతం చూసుకోవాల్సినదే, వాసన వస్తే రావచ్చు. మాత్రలు ఆపిన కొన్నాళ్లకి పాల వాసన పోయింది. తర్వాత జయపాల్ చొక్కా.

ఇప్పుడామె కంకిపాడులో ఒక బళ్లో గిన్నెలు తోముతుంది. మణెమ్మ నూనె చూస్తోందట. ఒకసారి బస్సులో కనపడింది. పక్కన సీటు ఖాళీగా ఉన్నా ఇద్దరూ నిలబడే వచ్చారు. దిగేటప్పుడు మణెమ్మ, "రోజూ ముక్కు కడుగుతున్నావా?" అని మాత్రం అడిగింది.

కడుగుతోంది. రోజూ పొద్దున్నే ఉప్పునీళ్లు, ఆ తర్వాత మందు. అదయ్యాక అటక మీంచి ఆ చిన్న జాడీ దించుతుంది. మంచి వాసన అయితే మనసు కల్పించుకోవచ్చు, ఈ కంపుని కల్పించుకునే పని లేదు. ఒక్కో రోజు, అడుగున ఎక్కడో, సన్నగా ఒక చేదు తగిలినట్టుంటుంది.

"ఇల్లంతా కంపు, పారెయ్యవే దాన్ని" అంటాడు జయపాల్.

"ఉండవయ్యా."

ఈ పొద్దున కళ్లు మూసుకుని మూడుసార్లు పీల్చింది. కళ్లు తెరిచి, అలవాటుగా, పక్కకి చూసింది. అక్కడ గోడ ఉంది. వాసెన బిగించి కట్టి, జాడీ పైన పెట్టి, పనికి బయల్దేరింది.