రేకుల గదిలో ఓవర్‌క్లాకింగ్

2023 వేసవి. ఫిల్మ్‌నగర్‌లోని నా కంప్యూటర్ల దుకాణానికి వచ్చేవారిలో అధికులు సినిమాలకు గ్రాఫిక్స్ చేసేవారే. ఒక శుక్రవారం ఉదయం రహమత్ నగర్ నుంచి రజిత అనే యువతి తన సీపీయూను ఆటోలో తెచ్చి బల్లమీద నిలిపింది. ఒక స్టూడియోవారు ఆమె పనితనం చూడదలచి వాన దృశ్యం ఒకటి అప్పగించారట. సోమవారం ఉదయం పదింటికి అందితే ఉద్యోగం; లేకుంటే మరొకరికి. రెండర్, అనగా కంప్యూటర్‌లో కూర్చిన దృశ్యాన్ని తుది చిత్రంగా మార్చే పని, ఆమె యంత్రంపై సోమవారం సాయంత్రానికి గాని ముగిసేట్టు లేదు.

“కొత్తది కొనుడు నాతోని కాదు సార్. దీన్నే జర ఉరికియ్యుండ్రి,” అన్నది.

అది సాధ్యమే. ఆమె ప్రాసెసర్‌లోనూ, అదే వరుసలోని ఖరీదైన దానిలోనూ కోర్ల, అంటే లెక్కలు చేసే భాగాల, సంఖ్య ఒక్కటే. తయారీదారు నిర్ణయించిన క్లాక్ స్పీడ్‌లోనే భేదం. ఆ వేగాన్ని మనం పెంచుకోవడమే ఓవర్‌క్లాకింగ్. వేగానికి తగినట్లు వోల్టేజీ పెంచాలి. దానితో వేడీ పెరుగుతుంది. కనుక ప్రాసెసర్‌ను చల్లబరిచే పెద్ద కూలర్ అమర్చి, వేగాన్ని మెట్టు మెట్టుగా హెచ్చించాను. మధ్యాహ్నానికి ఆ చవక ప్రాసెసర్ ఖరీదైన దానితో సరితూగింది.

“ఇక తీసుకువెళ్ళవచ్చునమ్మా,” అన్నాను.

రజిత గోడమీది ఏసీ వంక చూసింది. “గింత చల్లగుంటే నేను గూడ ఉరుకుత సార్. మాది రేకుల రూము. గాడ గిట్లనే ఉరుకుతదా?”

నవ్వు వచ్చినా, ఆ ప్రశ్నను తోసిపుచ్చలేకపోయాను. ఆమెతోపాటు బయలుదేరాను.

గుమ్మంలోనే ఆమె తల్లి ఎదురై, “ఏంది సార్, కంప్యూటర్‌కు జరమొచ్చిందా?” అన్నది.

“రాకుండా చూడడానికే వచ్చానమ్మా.”

కొంతసేపటికే వచ్చింది. స్ట్రెస్ టెస్ట్, అంటే ప్రాసెసర్‌పై పూర్తి భారం మోపే పరీక్ష, మొదలుపెట్టగానే వేడి హద్దు దాటి యంత్రం దానంతటదే ఆగిపోయింది.

“అయిపాయె,” అని రజిత మంచంమీద కూలబడింది.

సీపీయూను గోడవారనుంచి కిటికీ దరికి జరిపించాను. వేగాన్ని రెండు మెట్లు దించి, ఆ వేగానికి చాలినంత వరకే వోల్టేజీ ఉంచాను. ఈసారి రేకులపై ఎండ నిప్పులు చెరుగుతున్నా యంత్రం ఆగలేదు.

“గా పెద్ద ప్రాసెసర్‌కు సమానం కాలే గద సార్?”

“కాలేదమ్మా. నీ పాతవేగం కంటే మాత్రం ఎక్కువే. ఆగకుండా నడిస్తే సోమవారం తెల్లవారేసరికి పని ముగుస్తుంది.”

ఆమె, “ఆగకుంటే చాలు. షురూ చేస్త,” అని రెండర్ మొదలుపెట్టింది.

సోమవారం నేను దుకాణం తెరిచేసరికి ఫోన్ మోగింది. “సార్! పొద్దుగాలనే పంపిన. వాన మంచిగ కురిసిందన్నరు. రేపటి సంది రమ్మన్నరు!” వెనుకనుంచి తల్లి కంఠం: “జరం దిగిందని చెప్పవే!”

నాటినుంచి వేగం పెంచమని ఎవరు వచ్చినా, ప్రాసెసర్ ఏదని అడగడానికి ముందే, అది ఏ గదిలో పనిచేయవలసి ఉన్నదో అడుగుతున్నాను. అవసరమైతే ఆ గది దాకా వెళ్ళి వస్తున్నాను.