ఫినిషింగ్ లేదట!

ఈ రోజు సిరిసిల్లలో ఒక హైస్కూలు వాళ్లు పిల్లల సైన్సు మోడళ్లకు మార్కులు వేయమని పిలిచారు. ముప్పై ఏళ్లు క్రాఫ్ట్ టీచరుగా చేసిన నేను ఇంకా బతికే ఉన్నానని గుర్తొచ్చినట్టుంది.

బల్లల నిండా దుకాణంలో కొన్న మోడళ్లే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక్కతే తన చేత్తో చేసింది. వరుసగా బిగించిన పోగులకు రేకుముక్కలు వేలాడదీసింది. పోగు తెగితే ముక్క తీగల మీద పడి బజర్ మోగుతోంది.

"ఇదెందుకు బిడ్డా?"

"మా నాయిన నాలుగు సాంచాలు నడుపుతడు సార్. పోగు తెగింది చూస్కోకుంటే బట్ట ఖరాబైతది, సేటు తిడ్తడు." సాంచా అంటే ఇక్కడ మరమగ్గం.

జిల్లా పోటీకి ఆమెనే పంపమని రాశాను. హెడ్మాస్టరు నా పాత శిష్యుడే. "ఫినిషింగ్ లేదు సార్, ఫోటోల మంచిగ రాదు" అంటూ కొన్న అగ్నిపర్వతాన్ని ఎంపిక చేశాడు.

"తొమ్మిదో తరగతిల చెక్కపెట్టె మీ మేనమామతోని చేపిచ్చుకొచ్చినవ్ గదరా, గప్పుడు గూడ నీ ఫినిషింగ్ మంచిగనే ఉండె" అన్నాను.

టీచర్లు నవ్వారు, జాబితా మాత్రం మారలేదు. ఆ అమ్మాయి రేకుముక్కలు విప్పుకుని, నాయిన నడిపే సాంచాకే కట్టి చూస్తానంటూ వెళ్లిపోయింది.

మీ పిల్లల మోడళ్లు ఎవరు చేస్తున్నారో కింద రాయండి. నిజం రాసే ధైర్యం ఎందరికుందో చూస్తాను.