రంగెక్కని కండ

నాది బద్ధకమని మొదట అన్నది మా నాన్నే. సెమిలిగుడ దగ్గర ఫ్యాక్టరీలో ఫిట్టరు ఆయన. ఆదివారం ప్రార్థనయ్యాక చర్చి బయట జనం వింటుండగానే అనేవాడు. మా క్వార్టర్ నుంచి బడికి ఎత్తు దారి. సగం ఎక్కేసరికి కాళ్లు బిగుసుకుపోయేవి. కాసేపు కూర్చుంటే మళ్లీ నడవగలిగేదాన్ని. అదే నా కొంప ముంచింది. నిజం నొప్పయితే కూర్చోగానే ఎలా తగ్గుతుందని అందరూ నవ్వేవారు. ఒళ్లు మండిపోయేది నాకు.

పెద్దయ్యాక కోరాపుట్‌లో ఓ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. కండలో దాచుకున్న చక్కెరని విడదీసే ఎంజైమ్ లేకపోతే సరిగ్గా ఇలాగే అవుతుందని అక్కడే తెలిసింది. వెంటనే తొడ కండ ముక్క కోయించుకున్నాను. ఆపరేషన్ థియేటర్లో అలవాటుకొద్దీ దాన్ని ఫార్మలిన్‌లో పడేశారు. అందులో పడితే కణం ఆకారం నిలుస్తుంది గానీ ఈ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఇక ఆ ముక్క మీద ఏ పరీక్ష చేసినా ఏదీ తేలలేదు. "పోనీ, ఇక వదిలెయ్," అన్నాడు మా డాక్టరు. నేను రెండో తొడ చూపించి, ఇక్కడ కోయండి అన్నాను.

ఈసారి ముక్కని కోసిన వెంటనే గడ్డకట్టించాలి. అందుకు కావలసిన ద్రవ నైట్రోజన్ మా దగ్గర లేదు. ఆవులకి చూలు సూదులేసే పశువుల ఆసుపత్రిలో, ఎద్దు వీర్యం నిలవుంచడానికి వాడేది ఉంది. అక్కడి ముసలి కాంపౌండరు పళ్లికిలించేడు.

"ఆవులకొచ్చింది నీకేటమ్మి?"

"నన్నూ ఓ ఆవని రాసుకోండి బాబూ. ముందు ఇవ్వండి."

ఓ క్యాన్‌లో పోసి ఇచ్చేడు. రెండో తొడ కోయగానే ఆ ముక్కని అందులో గడ్డకట్టించి, ఆ క్యాన్‌తోనే విశాఖ ల్యాబుకి తీసుకెళ్లాను. దాన్నీ, ఆరోగ్యంగా ఉన్న ఇంకొకరి కండనీ పలచగా కోసి ఒకే గాజు పలక మీద పెట్టారు. ఎంజైమ్‌కి కావలసిన మేత పోసి, తర్వాత అయొడిన్ వేశారు. ఎంజైమ్ పనిచేసిన చోట ఊదారంగు తేలాలి. మైక్రోస్కోప్‌లో చూశాను. పక్కనున్న కండ నిండా ఊదా. నా కండలో ఒక్క పోగూ రంగెక్కలేదు. జబ్బు ఖాయమైంది, నాకేమో గంతులెయ్యాలనిపించింది.

ఫోన్‌లో ఆ పలక ఫొటో చూపిస్తే నాన్న వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"దీనికి మందేటి?"

"లేదు."

"మరి ఇంత కోయించుకుని లాభమేటమ్మి?"

"నాది బద్ధకం కాదని తేలింది కదా. వచ్చే ఆదివారం అందరి ముందూ ఆ ముక్క సెప్పు నాన్నా."

"ఇన్నేళ్ల మాట. ఎవులికి గురుతుంటాదే?"

"నాకు," అన్నాను.