గుండు కూర్చున్నాక ఇంకో నొక్కు

కొందరికి ఖరీదైన సామాను కొంటే పనితనం దానంతట అదే వచ్చేస్తుందని నమ్మకం. ఇక్కడ ఐర్లండ్‌లో, చెర్రీవుడ్ వైపు సాఫ్ట్‌వేర్ మేనేజరుగా చేసే మన తెలుగువాడొకడు మా రైఫిల్ క్లబ్బులో చేరినప్పుడు నాకు ఒళ్ళు మండింది అందుకే. లాప్‌టాపూ, డిజిటల్ కొలతల పరికరమూ, చెవులకి రెండు రకాల మఫ్‌లూ తెచ్చాడు. ఒక్క సీసపు గుండు సొంతంగా పోసిన పాపాన మాత్రం పోలేదు.

నేనలా కాదు. క్లాండాల్కిన్‌లో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా గొట్టంలో గొట్టం బిగించే పని నాది. వెంట్రుకవాసి తేడా వేలికి తెలుస్తుంది. ఆ గర్వం నాకుంది, దాచుకోను. మా ఆవిడ మాత్రం, "తిరుపతిలో కొట్టించుకున్న గుండు చాలదాండీ, ఇంకా ఈ గుండ్ల పిచ్చేంటి?" అని దెప్పుతుంది.

క్లబ్బులో ఒక ఐరిష్ ముసలాయన ఉన్నాడు. బతుకంతా లేత్ మెషీన్ మీద గడిపినవాడు. ఆయన పాత రైఫిల్లో ఒకసారికి ఒక్క తూటాయే పడుతుంది. సీసం కరిగించి పోసిన గుండుని ముందే తూటాలో బిగించరు. గుండుని ఒక్కదాన్నే వెనకవైపు నుంచి గొట్టంలో పెట్టి, చిన్న మీటతో నెమ్మదిగా నొక్కి, లోపలి గాడుల్లో కూర్చోబెట్టాలి. ఆ తరవాతే మందు నింపిన ఇత్తడి డొల్లని దాని వెనక పెట్టాలి. సీసం మెత్తన. అవసరానికి మించి నొక్కితే నలుగుతుంది, గురి చెడుతుంది.

డండాక్ దగ్గర జరిగే పోటీకి ఆ రైఫిల్ ఇచ్చి ఒక్కరినే పంపుతానన్నాడు ముసలాయన. నేనో, ఆ మేనేజరో. రెండేళ్ల శనివారాలు అందుకే ధారపోశాను. ఆ రైఫిల్ నా చేతికే రావాలని ఎంతగా కోరుకున్నానో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది.

అది తేల్చడానికి ఒక్కొక్కరికి ఐదు గుండ్లు. మొదట వాడు. మీట మీద చెయ్యి వేసి, కొలతల అంకె చూసుకుంటూ పిల్లికి మందు పోస్తున్నవాడిలా నొక్కాడు. ముసలాయన "యూ ఆర్ గ్రాండ్" అనగానే ఠక్కున చెయ్యి తీసేశాడు. ఐదుసార్లూ అంతే. పిరికిపంద అనుకున్నాను. ఎవరో మెచ్చుకుంటే పని మధ్యలో వదిలేస్తాడా ఎవడైనా!

తరవాత నేను. మీట నొక్కుతుంటే గుండు గాడుల్లో దిగడం నా వేలికి తెలిసింది. వెనకనుంచి ముసలాయన, "యూ ఆర్ గ్రాండ్" అన్నాడు. నా గుండె ఉప్పొంగింది. మెప్పుకి తగ్గట్టుండాలని ఇంకో నొక్కు నొక్కాను. రెండోదానికి ఆయన ఆ మాటే కాస్త గట్టిగా అన్నాడు. నేనూ కాస్త గట్టిగానే నొక్కాను.

గురి కాగితం మీద వాడి ఐదు చిల్లుల్నీ అరచేత్తో మూయొచ్చు. నావి మూయడానికి దోసెల పెనం కావాలి.

కారు దగ్గరికి వాడే వచ్చాడు. "అన్నా, ఏమనుకోకు. ఇక్కడ 'యూ ఆర్ గ్రాండ్' అంటే ఒక్కోసారి 'చాలు, ఇగ వదిలెయ్' అని కూడా అన్నా. ఎవరన్న ఇంకో చాయ్ పోస్తమంటే వద్దనడానికి గూడ గదే అంటరు. మా చిన్నది నన్ను రోజూ కరెక్ట్ చేస్తది."

"తెలుసులే" అన్నాను. తెలిసి చచ్చింది లేదు. ఎనిమిదేళ్లుగా క్యాంటీన్‌లో, లువాస్ ట్రామ్‌లో, ఆఖరికి జీపీ డాక్టరు దగ్గర కూడా ఆ మాట వింటూ, ప్రతిసారీ నన్ను మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను. ఆలోచిస్తే, వాళ్ళలో ఎంతమంది నన్ను చాలించమన్నారో!

ఇంటికెళ్ళేసరికి మా అమ్మాయి సోఫాలో ఫోన్ చూసుకుంటోంది. "హౌ వజ్ ఇట్, నాన్నా?" అంది.

"గ్రాండ్" అన్నాను.

అది ఫోన్ పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "ఓహ్ నో. దట్ బ్యాడ్?"